నూతి నుంచి నూట ముప్పై అడుగులు

మా మేనత్త పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను నెల్లిమర్లలో, మా ఇంటి వెనక తీగ మీద తడి దుప్పటి ఆరేస్తున్నాను. ఫోను చేసింది మా పుట్టింటి ఊళ్ళో ఆవిడ పక్కింట్లో ఉండే జాలరి, మేమంతా పడవ అన్న అని పిలిచే మనిషి.

"సెల్లీ, అత్త ఎల్పోనాదమ్మా. పొద్దున్న మా ఆడది టీ అట్టుకెల్తే లెగనేదు. నిద్దట్లోనే పోనాది కాబోలు. మొకం సూస్తే ఏ బాదా నేదు" అన్నాడు.

"వస్తన్నాం అన్నా" అని ఫోను పెట్టేశాను. దుప్పటి సగం తీగ మీదా సగం నా భుజం మీదా ఉండిపోయింది.

నిజం చెప్పాలి. ఆ క్షణంలో నాకు ఏడుపు రాలేదు. ముందు వచ్చింది భయం. నా బిడ్డ ఎక్కడ పడుకుందో చూపించే మనిషి ఇక లేదు అని. ప్రభువు నన్ను క్షమించాలి. నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి, ఎనభై దాటిన మనిషి పోతే నేను తలుచుకున్నది నా సంగతే. అత్త ఉంటే నవ్వేది. "సచ్చిపోనోల కోసం ఎవులూ ఏడవరే గుంటా. తమ కోసమే ఏడుస్తారు. దానికి సిగ్గెందుకు?" అని ఆవిడ ఎన్ని ఇళ్ళలో అందో.

మీరెవరూ ఆవిణ్ణి చూసి ఉండరు. అందుకని మొదటినుంచీ చెబుతాను.

మా ఊరు పూసపాటిరేగ దాటాక, రోడ్డు ఇసకలోకి వచ్చి ఆగిపోయే చోట ఉంటుంది. ఊళ్ళో సగం ఇళ్ళు సముద్రం మీద బతికే గంగమ్మ భక్తులవి. మిగిలిన సగం దొరల కాలంలో బాప్తిస్మం తీసుకున్న మా సంఘం వాళ్ళవి. ఊరికీ సముద్రానికీ మధ్య సరుగుడు తోపు ఉండేది. ఆ తోపులోనే మా సమాధులు.

పెళ్ళైన మరుసటేడు నేను పురిటికి అక్కడికే వచ్చాను. ఆడపిల్ల పుట్టింది. పదకొండు రోజులు బతికింది. పేరు ఇంకా పెట్టలేదు. మాలో నెల దాటాక ప్రార్థన గుడికి తీసుకెళ్ళి పెడతారు. బాలింతని మట్టి చేసే చోటికి రానివ్వరు కాబట్టి నేను వెళ్ళలేదు. నా పాత చీర ముక్కలో చుట్టి అత్తే ఎత్తుకెళ్ళింది. మా ఆయన వెనకాల నడిచాడు. ఎక్కడ పెట్టారని ఆ పురిటి నెలలో ఎన్నిసార్లు అడిగినా "సరుగుడు చెట్టు కింద" అనేవాడు. ఆ తోపులో ఉన్నవన్నీ సరుగుడు చెట్లే. సిమెంటు కట్టే స్తోమత మాకు అప్పుడు లేదు. ఇసక కుప్ప మీద అత్త ఒక రాయి పెట్టి, దానికి సున్నం వేసింది.

సున్నం వెయ్యడమే అత్త సేవ. పెళ్ళైన రెండేళ్ళకి భర్త పోయి మా ఇంటికి తిరిగొచ్చిన మనిషి ఆవిడ. చదువు లేదు, సంఘంలో ఏ పదవీ లేదు. కానీ ఏటా పునరుత్థాన పండుగకి ముందు వారం గుల్ల సున్నం కుండలో నానబెట్టి, కొబ్బరి పీచు కుంచె పట్టుకుని తోపులోకి వెళ్ళేది. తనవాళ్ళూ పరవాళ్ళూ అని లేదు, అన్ని సమాధులకీ వేసేది. చిన్నప్పుడు నేను కుండ మోసేదాన్ని. వేసిన వెంటనే సున్నం బూడిద రంగులో, ఉన్నట్టో లేనట్టో ఉండేది. "ఏటత్తా, తెల్లగా అవ్వనేదు" అంటే ఆవిడ నవ్వేది.

"తడిగున్నప్పుడు సున్నం కనబడదే. ఆరాకే తెల్లబడతాది. దుక్కమూ అంతే."

నా బిడ్డ రాయికి మాత్రం ఏటా రెండు పూతలు వేసేది. అది నేను నెల్లిమర్ల నుంచి వెళ్ళినప్పుడల్లా గమనించేదాన్ని. నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

సముద్రం ఒక్కసారిగా రాలేదు. ముందు తోపు చివర రెండు చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. మరుసటేడు ఇంకో నాలుగు. సముద్రానికి దగ్గరి వరస సమాధులు ఒక పక్కకి ఒరిగి, ఒక వానాకాలంలో కనిపించకుండా పోయాయి. తోపుకి ఊరి వైపు అంచున ఊరంతా నీళ్ళు తోడుకునే నుయ్యి ఉండేది. చుట్టూ ఇసక కోసుకుపోయి దాని ఒరలు బయటపడ్డాయి. ఇప్పుడా నుయ్యి ఒడ్డు మీద మనిషెత్తున, గొట్టంలా నిలబడి ఉంటుంది. భూమి లోపల ఉండాల్సింది భూమి మీద నిలబడితే చూడ్డానికి అదోలా ఉంటుంది. వంగి తియ్యటి నీళ్ళు తోడిన నూతిని ఇప్పుడు తలెత్తి చూడాలి. పోటు వచ్చి కెరటం దాని మొదట్లో తగిలితే లోపల్నుంచి గుబుక్కుమని చప్పుడొస్తుంది. ఎవరో గుక్క మింగినట్టుంటుంది. ఆ చప్పుడు విని ఊరి కుక్కలు అటువైపు వెళ్ళవు.

అత్త ఒక పని చేసింది. ఒక్కొక్క వరసా కొట్టుకుపోయే లోపు, నూతి దగ్గర నిలబడి ప్రతి సమాధికీ తన అడుగులతో లెక్క పెట్టుకుంది. ఫలానా వాళ్ళ తాత ఆగ్నేయం వైపు తొంభై. పాత పాస్టరు గారి తల్లి నూట ఇరవై ఆరు. ఇలా ముప్పై నలభై మంది లెక్క ఆవిడ నోటి మీదే ఉండేది.

"పొద్దు పొడిసే దిక్కుకి నూట ముప్పై. అక్కడ నీ బిడ్డ, నీ గుంట. మర్సిపోకు" అని చెప్పి, ఆ లెక్క నా చేత కూడా అనిపించేది.

రోజూ పాటు సమయంలో, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, ఒడ్డంతా నడిచి ఆ పేర్లు చదివేది. వలలు బాగుచేసుకుంటూ కూర్చున్న పడవ అన్న ఊరుకునేవాడు కాదు.

"ఏటత్తా, ఇయాల అందరూ ఆజరేనా?"

"నువ్వొక్కడివే తక్కువరా. నీకూ ఒక లెక్క ఎట్టమంటావేటి?"

"వద్దత్తో! మాది గంగమ్మ లెక్క. నీ పుస్తకంలో నా పేరు రాయకు."

"నాకు పుస్తకమేటిరా? కాళ్ళే నా పుస్తకం."

పైకి ఇలా ఆడుకునేవాళ్ళు గానీ, వాళ్ళ వలలో ఎప్పుడైనా సిలువ ముక్కో, పేరు సగం చెరిగిన రాతిపలకో పడితే నీళ్ళలోకి తిరిగి విసిరేవారు కాదు. తెల్లారేసరికి అది అత్త గుమ్మంలో ఉండేది. ఎవరు పెట్టారో చెప్పేవారు కాదు, ఆవిడ అడిగేది కాదు.

పెద్ద తుపాను వెళ్ళిన మూడో రోజున జరిగింది నేను ఎప్పటికీ మర్చిపోలేను. అత్త ఎలా ఉందోనని నేనూ మా ఆయనా వెళ్ళాం. మిట్టమధ్యాహ్నం. గాలి లేదు. ఒక్క కాకి అరవడం లేదు. సముద్రం ఎన్నడూ లేనంత దూరం వెనక్కి పోయి, పళ్ళెంలో పోసిన నీళ్ళలా కదలకుండా ఉంది. అది వదిలివెళ్ళిన తడి ఇసక మీద మా సమాధుల పునాదులు వరసలుగా తేలి ఉన్నాయి. వాటి నిండా గుల్లలు, నాచు. ఊరంతా ఒడ్డునే నిలబడిపోయింది. పిల్లలు కూడా అరవలేదు. అత్త ఒక్కతే దిగింది. ఇంటి పెరట్లో నడిచినట్టు వాటి మధ్య నడుస్తూ, ఒక్కొక్క దాని మీదా చెయ్యి వేసి, పేరు పెట్టి పిలిచింది. లెక్క ఒక్కటీ తప్పలేదు. తర్వాత నన్ను రమ్మని చెయ్యి ఊపింది. నూతి దగ్గర మొదలుపెట్టి, గట్టిగా లెక్కపెడుతూ, నూట ముప్పై దగ్గర ఆగింది. పాస్టరు గారి తల్లి పునాదికి నాలుగడుగుల అవతల.

"ఇక్కడే" అంది.

అక్కడ ఏమీ లేదు. పునాది కట్టలేదు కదా, ఏముంటుంది? తడి ఇసక, చిన్న చిన్న పీతల బొరియలు. కూర్చుని చెయ్యి పెట్టాను. ఇసక చల్లగా ఉంది. అయినా, ఆ సున్నం రాయి కొట్టుకుపోయాక మొదటిసారి, ఇదీ చోటు అని నాకు అనుమానం లేకుండా తెలిసింది. మా వెనకాలే వచ్చిన పడవ అన్న ఇసక వైపు చూడటం లేదు. సముద్రం వైపూ చూడటం లేదు. తల తిప్పి ఊరి వైపు, కొండ వైపు చూస్తున్నాడు.

"ఏటన్నా సూస్తన్నావు?" అన్నాను.

"ఏటీ నేదు సెల్లీ. గురుతెట్టుకుంటన్నాను."

పొద్దు వాలేలోపు సముద్రం వచ్చి అన్నిటినీ మళ్ళీ కప్పేసింది. తర్వాత అవి ఎప్పుడూ బయటపడలేదు. రాతిని అంతకాలం దాచి, ఒక్క పూట చూపించి, మళ్ళీ తీసుకున్న ఆ బలం ముందు మనిషి మాట ఎంత? ఆ రోజు నుంచి ప్రార్థనలో మోకరిల్లినప్పుడల్లా నాకు ఆ మధ్యాహ్నమే కనిపిస్తుంది. భయపడకుండా దేవుణ్ణి తలుచుకోవడం నాకు చేతకాదు.

సమాధులు లేవని అత్త సున్నం మానలేదు. పండుగ ముందు వారం, పాటు చూసుకుని, కొబ్బరి చిప్పలో సున్నం పట్టుకుని నీళ్ళలోకే నడిచేది. లెక్క అయిన చోట నిలబడి, పేరు చెప్పి, చిప్ప వంచేది. నీళ్ళ మీద తెల్లగా ఒక గుడ్డ పరిచినట్టయ్యేది. ఒక ఊపిరి సేపు అలాగే ఉండి కరిగిపోయేది. కొత్తగా వచ్చిన పాస్టరు బాబు ఒకసారి మెత్తగా అడిగాడు.

"అమ్మమ్మా, నీళ్ళలో సున్నం పొయ్యమని వాక్యంలో ఎక్కడుంది?"

"ఒద్దని ఎక్కడున్నాదయ్యా?"

ఆ బాబు నవ్వి, మరుసటేడు తానే కుండ మోశాడు.

నేనూ ఒకసారి అడిగాను. "సంద్రంలో ఏసిన సున్నం ఎప్పుడు ఆరతాదత్తా?"

"ఆ దినాన" అంది. సముద్రం తన దగ్గరున్న వాళ్ళందరినీ తిరిగి అప్పగించే దినం ఒకటుందని మా విశ్వాసం. అత్త ఆ మాటని రేపు సంత ఉందన్నట్టు మామూలుగా అనేది.

ఇప్పుడు చెప్పేది నేను ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. తుపాను తర్వాత మొదటేడు, నూట ముప్పై అడుగుల దగ్గర మాకు నడుము లోతు నీళ్ళు. ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డాం. కొన్నేళ్ళకి అవి తొడల వరకే వచ్చాయి. ఆ తర్వాత మోకాళ్ళ వరకు. నిరుడు చీలమండలు మాత్రమే తడిశాయి. ఊళ్ళో ముందు వీధి ఇళ్ళు ఒక్కొక్కటే సముద్రంలో కలుస్తున్నాయి. సంద్రం పైకొస్తోందని అందరూ గుండెలు బాదుకుంటున్నారు. నా బిడ్డ చోట మాత్రం ఏటికేడు నీళ్ళు తగ్గుతున్నాయి. అది కృప అనుకున్నాను. కృప అనుకుంటూనే ఒళ్ళు జలదరించేది. ఒకసారి ఉండబట్టలేక "అత్తా, నీళ్ళు తగ్గినాయి కదా" అన్నాను.

ఆవిడ నీళ్ళ వైపే చూస్తూ, "వస్తన్నాదే, మెల్లగా" అంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ వెనక్కి వెనక్కి నడిచేది. సంద్రానికి వీపు చూపించకూడదని ఆవిడ నియమం. ఆవిడ చెయ్యి పట్టుకుని నేనూ అలాగే నడిచేదాన్ని. ఆ చోటు మా కళ్ళ ముందే దూరమయ్యేది.

అత్తని రోడ్డుకి అవతల, ఎర్ర నేలలో కొత్తగా తీసుకున్న స్థలంలో పెట్టాం. అది ఆవిడ ముందే చెప్పిన మాట. "నన్ను గట్టు మీద ఎట్టండి. నా కాడికి సంద్రం రాడానికి ఇంకో ముప్పై ఏళ్ళు పడతాది. ఈలోగా ప్రెబువే లేపేస్తాడు" అనేది. మట్టికి జాలరి ఇళ్ళ నుంచి కూడా అందరూ వచ్చారు. తలపాగాలు తీసి చేత్తో పట్టుకుని, దూరంగా నిలబడ్డారు. శవానికి స్నానం చేయించినప్పుడు ఆవిడ పాదాలు చూశాను. అరికాళ్ళు సముద్రం నునుపు చేసిన రాళ్ళలా ఉన్నాయి. గోళ్ళ సందుల్లో సున్నం ఇంకా ఉంది.

మూడో రోజు ఆదరణ కూడిక, పోయినవాళ్ళ ఇంటివాళ్ళని ఓదార్చే ప్రార్థన, అయింది. మర్నాడు పొద్దున్నే, పాటు చూసుకుని, ఆవిడ కుండలో మిగిలిన సున్నం చిప్పలో పోసుకుని ఒక్కదాన్నే ఒడ్డుకి వెళ్ళాను. నూతికి వీపు ఆనించి మొదలుపెట్టాను. అరవై దగ్గరే మోకాళ్ళు దాటింది. తొంభై దగ్గర కెరటం వచ్చి ఛాతీకి కొట్టింది. లెక్క పోయింది. చిప్పలో సున్నం సగం ఒలికిపోయింది. వెనక్కి వచ్చి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి ఆవిడ నడిచినట్టు చిన్నగా, మడమకి వేలు తగిలేలా వేశాను. నూట ముప్పై అయ్యేసరికి నిరుటి చోటే వచ్చింది. చీలమండల నీళ్ళు. అయినా చిప్ప వంచలేకపోయాను. రెండు లెక్కల్లో ఏది నిజమో నాకు తెలియలేదు. ఇంత మాత్రం చోటు ఒకటి నాకుండేది, అదీ పోయిందనుకున్నాను.

"సెల్లీ, అలగ కాదు."

పడవ అన్న. ఎప్పట్నుంచి చూస్తున్నాడో.

"మరెలగన్నా? అత్త నూట ముప్పై అన్నాది."

"అత్త అన్నాది నిజమే. అత్త అడుగులే పొట్టయిపోనాయి."

నాకు అర్థం కాలేదు. అతను వంగి, ఇసక మీద వేలితో రెండు గీతలు గీశాడు. "తుపానేడు అత్త అడుగు ఇంత." ఆ రెంటి మధ్య ఇంకోటి గీశాడు. "నిరుడు ఇంత. మోకాళ్ళు పోనాయి కదా, జానెడు కన్నా ఎక్కువ పడ్నేదు. లెక్క అదే. అడుగు సిన్నదైపోతే సోటెక్కడుంటాది? ఏటేటా ఒడ్డుకి వచ్చీసినాది."

నీళ్ళు తగ్గలేదు. నా బిడ్డ రాలేదు. అత్త వంగిపోయింది, అంతే.

"మరి సెప్పనేదేటన్నా ఇన్నేళ్ళూ?"

"ఏటని సెప్పీది? నీళ్ళు తగ్గినాయని నువ్వు మొకం అంత సేసుకుని ఎల్లీదానివి."

"అత్తకి తెలుసా?"

అతను ఇసక మీది గీతలు అరచేత్తో చెరిపేశాడు. "ఈ ఒడ్డున అత్తకి తెలవంది ఏటున్నాది?" అన్నాడు. తర్వాత, "పడవెక్కు. ఆ యేడు ఎట్టుకున్న గురుతు నా కాడున్నాది" అన్నాడు.

చిప్పలో మిగిలిన సున్నంతో ఎక్కాను. కెరటాలు విరిగే చోటు దాటించి, అతను ఇంజను ఆపేశాడు. ఒక్కసారిగా నిశ్శబ్దం. అతను ఒడ్డు వైపు తిరిగి నిలబడి, తెడ్డుతో పడవని అంగుళం అంగుళం జరిపాడు. "నీళ్ళ ట్యాంకు నెత్తి మీద కొండ గూను కూకోవాల. సర్చి సిలవ తాటిసెట్టు ఎనక్కి ఎల్లాల" అని తనలో తాను అనుకుంటున్నాడు. వేటకెళ్ళేవాళ్ళు నడి నీళ్ళలో చోటు పట్టేది అలాగే. సిలువ మెల్లగా తాటిచెట్టు వెనక్కి వెళ్ళి కనిపించకుండా పోయింది.

"ఇదే సెల్లీ. ఇక్కడే."

కిందికి చూశాను. బూడిద రంగు నీళ్ళు. పది బారల అవతల నీళ్ళు ఎలా ఉన్నాయో ఇవీ అలాగే ఉన్నాయి. నా మొహం ముక్కలు ముక్కలుగా ఊగుతోంది. అత్త నియమం తప్పి, మొదటిసారి సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నాను. అప్పుడు మా ఊరు కనిపించింది. పుట్టి పెరిగిన దాన్ని, అటువైపు నుంచి ఎప్పుడూ చూడలేదు. ఒక సన్నటి గీత. అరచేత్తో తుడిస్తే పోయేలా ఉంది. గుడి, ఇళ్ళు, కొత్త సమాధుల స్థలం, అన్నీ ఆ గీత మీదే. దాని ముందు వేలంత ఎత్తున నుయ్యి. ఇన్నేళ్ళూ బిడ్డ దూరంగా ఉందనుకున్నాను. ఇక్కణ్ణుంచి చూస్తే దూరంగా ఉన్నది మేమే.

"అత్తా, నూట ముప్పై" అని మాత్రం అని, చిప్ప వంచాను.

సున్నం నీళ్ళ మీద పరుచుకుంది. చిన్న దుప్పటంత. కరిగిపోతుందని చూస్తున్నాను. కరగలేదు. అక్కడ కెరటం లేదు కదా, అలాగే ఉంది. తర్వాత కదిలింది. ఒడ్డు వైపు, జానెడు కదిలి ఆగింది. మళ్ళీ జానెడు కదిలి ఆగింది. ముసలి మనిషి నడక.

"పోటు మొదలైనాది, సెల్లీ. అంతే" అన్నాడు పడవ అన్న. అన్నాడు గానీ, తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

అది కెరటాలు విరిగే చోటికి వెళ్ళి, లేచిన నీళ్ళ వెనక కనిపించకుండా పోయింది. కాసేపటికి నీళ్ళ మీదుగా నూతి చప్పుడు వినిపించింది. గుబుక్కుమని, ఒక్కసారే.

నూతి మొదట్లో, ఒర మీద, తెల్లగా చార కనిపించింది. నురగే కాబోలు. నురగైతే జారిపోవాలి. ఎండ ఇంకా సరిగా రాలేదు. మేం చూస్తుండగానే అది తెల్లబడుతోంది.